స్వస్థత ప్రార్థన సేవలో లెక్కలు, హద్దులు: నమ్మకం నిలవాలంటే ఒక్కో మెట్టూ ఎలా కట్టుకోవాలి

మూడేళ్ల కిందట ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక కానుకల సంచి బల్ల మీద బోర్లిస్తే నోట్లతో పాటు ఒక జత చెవిదిద్దులు రాలాయి. చిన్నవి, ఒకదానికి వెనక మర కూడా లేదు, దారం చుట్టి పెట్టుకుంటున్నట్టున్నారు. ఎవరివో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. భర్తకు డయాలసిస్ నడుస్తున్న ఒకావిడవి. తిరిగి ఇద్దామని వెళ్తే చేతులు వెనక్కి పెట్టేసుకుని, "వద్దన్నా, దేవుడికిచ్చింది మళ్లీ తీసుకుంటే ఆయనకేమన్నా అవుద్దేమో" అంది.

నేను అప్పటికి మా సంఘానికి కోశాధికారిని. చిన్న సంఘమే, ఆదివారం నూటయాభై మంది వస్తారు, శుక్రవారం స్వస్థత కూటానికి మాత్రం చుట్టుపక్కల ఊళ్ల నుంచి అంతకు రెట్టింపు. ఆ రోజు మా పాస్టరు అయ్యగారు కానుకల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అయినా ఆవిడ చెవులు బోసిపోయాయి.

మామూలు ఆరాధనలో కానుక వెయ్యాలనిపించకపోతే మనిషి వెయ్యడు, ప్రసంగం నచ్చకపోతే ఇంకో సంఘానికి పోతాడు. మంచం పట్టిన మనిషిని మోసుకొచ్చిన ఇంటివాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. ఏం ఇమ్మన్నా ఇస్తారు, ఏం మానెయ్యమన్నా మానేస్తారు, ఏ గదిలోకి రమ్మన్నా వస్తారు. వాళ్లు "వద్దు" అనలేరు కాబట్టి ఆ "వద్దు" ఏదో మనమే ముందుగా రాసి పెట్టుకోవాలి. కింద చెప్పేవన్నీ ఆ దిద్దుల తర్వాత మేము పడుతూ లేస్తూ నేర్చుకున్నవి. మీ సేవకుడు, అంటే పాస్టరు, మంచివాడైనా ఇవి కావాలి, మంచివాడైతే ఇంకా కావాలి, ఎందుకంటే రేపు ఎవడో నింద వేస్తే ఆయన పక్కన నిలబడేది ఈ కాగితాలే.

మొదటి మెట్టు: ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో తేల్చుకోండి

మన దగ్గర చాలా స్వతంత్ర సేవల కమిటీ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయ్యగారు ప్రెసిడెంట్, అమ్మగారు ట్రెజరర్, బావమరిది సెక్రటరీ. వాళ్లు దొంగలని కాదు. కానీ భోజనాల బల్ల దగ్గర తేలిపోయే విషయానికి మినిట్స్ పుస్తకం ఎవరు రాస్తారు?

సొసైటీగా రిజిస్టర్ చేసుకుంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నడుస్తోంది, కనీసం 7 మంది సభ్యులు కావాలి. ట్రస్టుగా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, ఆ ఏడుగురిలో ఒకే కుటుంబం వాళ్లు ఇద్దరికి మించొద్దని, చెక్కు మీద సంతకం పెట్టే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదని బైలాలోనే రాసుకోండి. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా సంస్థ పేరు మీద ఉండాలి. స్థలం కూడా. పాక వేసిన స్థలం సేవకుడి సొంత పేరున ఉండి, ఆయన పోయాక కొడుకుల మధ్య పంపకాల్లో మందిరం మాయమైన కథలు ప్రతి మండలంలో ఒకటో రెండో దొరుకుతాయి.

తర్వాత బయటివాళ్లు ఇద్దరు. మీ సంఘంతో డబ్బు సంబంధం లేని ఇద్దరు పెద్దలు, వేరే సంఘం పాస్టరో, రిటైరైన టీచరో, నర్సో. వాళ్లు మూడు నెలలకోసారి వచ్చి పుస్తకాలు చూసి, సేవకుడితో ఒక గంట కూర్చుని అడగాల్సినవి అడగాలి. ఇక్కడే "అభిషిక్తుని ముట్టవద్దు" అనే మాట పైకి వస్తుంది. 105వ కీర్తన తీసి ఆ వచనం ముందూ వెనకా చదవండి. అబ్రాహాము సంతానం ఊరు కాని ఊళ్లో తిరుగుతుంటే రాజులు వాళ్లకు హాని చెయ్యకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. కరెంటు బిల్లు ఎంత కట్టారని అడిగిన విశ్వాసి నోరు మూయించడానికి రాసింది కాదు.

రెండో మెట్టు: డబ్బు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కానుకలు లెక్కపెట్టడానికి మేము పెట్టుకున్న పద్ధతి చాలా మామూలుది. కూటం అయిన వెంటనే, అక్కడే, ఇంటికి తీసుకెళ్లకుండా, చుట్టాలు కాని ఇద్దరు కూర్చుంటారు. ఒక లాంగ్ నోట్‌బుక్‌లో 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని, చిల్లర ఎంత అని వేరు వేరుగా రాసి, కింద మొత్తం వేసి, ఇద్దరూ సంతకం పెడతారు. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి బయటి పెద్దలిద్దరికీ అప్పుడే పంపిస్తాం. సోమవారం బ్యాంకులో అదే మొత్తం పడాలి, ఖర్చులు తీసేసి మిగిలింది కాదు, మొత్తం. ఖర్చులకు మళ్లీ ఖాతాలోంచే తియ్యాలి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ, ఒకసారి సంచిలోంచి జనరేటర్ డీజిల్‌కి ఇచ్చేశాక ఆ రోజు ఎంత వచ్చిందో ఇంకెవ్వరూ చెప్పలేరు. నెలాఖరున వచ్చింది, పోయింది, మిగిలింది అని ఒక కాగితం నోటీసు బోర్డు మీద అతికించండి.

ఇదేదో లోకపు పద్ధతి అని ఎవరైనా అంటే రెండో రాజుల గ్రంథం 12వ అధ్యాయం చూపించండి. యోవాషు రాజు మందిరం బాగు చెయ్యమని డబ్బు వసూలు చేయిస్తే, ఆయన ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా యాజకులు పని ముట్టుకోలేదు. అప్పుడు పెట్టెకు బెజ్జం వేసి పెట్టారు, నిండినప్పుడు రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టేవారు. చుట్టాలు కాని ఇద్దరు! పౌలు కూడా యెరూషలేముకు చందా పంపేటప్పుడు వెంట వేరే సహోదరులను పంపింది మనుషుల దృష్టికి కూడా సరిగ్గా ఉండాలనే. రెండో కొరింథీయులకు 8వ అధ్యాయంలో ఉంది.

ఇక గేహజీ సంగతి స్వస్థత సేవ చేసే ప్రతివాడూ ఏడాదికోసారి చదువుకోవాలి. నయమానుకు కుష్ఠం పోయింది, ఎలీషా పైసా ముట్టలేదు, వెనకాల పనివాడు పరిగెత్తుకెళ్లి వెండి, బట్టలు తెచ్చుకున్నాడు. మన దగ్గర కూడా చాలాసార్లు జరిగేది ఇదే. అయ్యగారికి తెలియకుండా గేటు దగ్గర టోకెన్ ఇచ్చే కుర్రాడు "ముందు వరసలో కూర్చోబెడతా" అని వంద తీసుకుంటాడు. పేరు పోయేది అయ్యగారిది. టోకెన్ మీదే "దీనికి డబ్బు లేదు" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించండి.

ప్రార్థనకీ కానుకకీ మధ్య దూరం పెట్టండి. రోగుల కోసం ప్రార్థించే సమయంలో సంచి తిప్పొద్దు, మేము దాన్ని కూటం మొదట్లో పాటల దగ్గరికి మార్చేశాం. ప్రార్థన చేసిచ్చే నూనెకు, జేబురుమాలకు వెల పెట్టొద్దు, "విత్తనం వెయ్యండి, స్వస్థత కోయండి" అన్న మాట స్టేజీ మీద ఎవరి నోటా రాకూడదు, పిలిచి తెచ్చుకున్న ప్రసంగీకుడైనా సరే, ఆ సంగతి డేటు తీసుకునే రోజే ఆయనకు చెప్పండి. బంగారం తీసుకోకండి. సంచిలో పడితే ఎవరిదో కనుక్కుని తిరిగి ఇచ్చి, పుస్తకంలో రాసుకోండి. ఆ దిద్దులు మూడోసారి వెళ్లినప్పుడు వాళ్లాయనే తీసుకున్నాడు, మంచం మీంచే సంతకం పెట్టాడు.

క్యూఆర్ కోడ్ విషయం. ఇప్పుడే మీ ఫోన్‌తో మీ మందిరం గోడ మీదున్న కోడ్ స్కాన్ చేసి చూడండి, పేరు ఎవరిది వస్తోంది? సంస్థ పేరు కాకుండా అయ్యగారి అబ్బాయి పేరు వస్తే ఈ వ్యాసం మిగతాది తర్వాత చదవొచ్చు, ముందు అది పీకేయండి. నగదు తీసుకునేటప్పుడు ఒకరి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, ఆపైన తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు. ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు తెచ్చే 80జీ రసీదు ఇస్తామని ఊరికే చెప్పకండి, పూర్తిగా మత సంబంధమైన పనికే ఉన్న సంస్థకు ఆ మినహాయింపు రాదు. మీ ఆడిటర్‌ని అడిగి తేల్చుకున్నాకే నోరు విప్పండి.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మనవాళ్లు పంపే డబ్బు దగ్గర చాలామంది తెలియక ఇరుక్కుంటారు. అక్కడున్నా ఇంకా భారత పౌరుడిగానే ఉన్నవాడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అతనే అమెరికా పౌరసత్వం తీసుకున్నాడనుకోండి, అదే మనిషి పంపే అదే వెయ్యి రూపాయలు విదేశీ విరాళమైపోతాయి, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. వేరే సంస్థ ఖాతాలో వేయించుకుని అక్కణ్ణుంచి మనకు మళ్లించుకోవడం కూడా కుదరదు. "మా మేనమామే కదా" అంటే చట్టం ఒప్పుకోదు.

సేవకుడి జీతం ఇంత అని తీర్మానం రాసుకోండి. చేతిలో పెట్టే వ్యక్తిగత కానుకలకు ఒక చిన్న పుస్తకం ఉంచండి. మొదట ఇబ్బంది పడతారు, రెండు నెలల్లో అలవాటైపోతుంది.

మూడో మెట్టు: మందులు, డాక్టర్లు

మా సంఘంలో ఒకాయన షుగర్ తగ్గిపోయిందని మైకులో సాక్ష్యం చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం, వీడియో పెట్టాం. మాత్రలు ఆపేశాడా అని మాలో ఎవరూ అడగలేదు. నాలుగు నెలలకు కాలి వేలికి పుండు పడింది, వేలు తీసేశారు. సాక్ష్యాన్ని మైకులో చెప్పించిన మేము వేలి సంగతి మైకులో చెప్పలేదు. వీడియో మాత్రం ఇంకో ఏడాది అలాగే ఉంది. దీనికి నేనూ బాధ్యుణ్ణే.

అందుకే ఇప్పుడు ప్రతి కూటం మొదట్లో అయ్యగారే మైకులో చెప్తారు: "ప్రార్థన చేయించుకోండి, మందులు ఆపకండి, బాగైందనిపిస్తే డాక్టరుకు చూపించుకుని ఆయన ఆపమంటే ఆపండి." ఇది వేరేవాళ్ల చేత చెప్పిస్తే జనం పట్టించుకోరు, ప్రార్థన చేసే మనిషి నోటి నుంచే రావాలి. ముఖ్యంగా ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు అది ఆపితే రోజుల్లోనే ప్రమాదం. టీబీ మందులు మామూలుగా 6 నెలలు వాడాలి, రెండు నెలలకే దగ్గు తగ్గిందని మానేస్తే జబ్బు మందుకు లొంగకుండా తయారవుతుంది. హెచ్ఐవీ మందులు, మానసిక వ్యాధుల మందులు కూడా అంతే.

"ఇది అవిశ్వాసం కాదా" అని అడిగేవాళ్లకు లూకా 17 చాలు. పదిమంది కుష్ఠరోగులను యేసు పంపింది యాజకుల దగ్గరికి, అంటే ఆ కాలంలో జబ్బు పోయిందో లేదో పరీక్షించి చెప్పే మనుషుల దగ్గరికి. తిమోతికి కడుపు బాగోలేకపోతే పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు, "నీకు విశ్వాసం చాలలేదు" అనలేదు. మీ బృందంలో ఎవరైనా రోగితో ఆ మాట అంటే ఆ రోజు నుంచి వాళ్లను ప్రార్థన వరసలో నిలబెట్టకండి. ఇందులో నేను కొంచెం మొండిగానే ఉంటాను.

గుండెల్లో నొప్పి, మూతి వంకర పోవడం, పాము కాటు, పురుగుమందు తాగిన కేసు వస్తే ముందు 108. ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

"దెయ్యం పట్టింది" అని తెచ్చే కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. కొట్టడం, జుట్టు పట్టి ఊపడం, అన్నం పెట్టకపోవడం, గొలుసు వెయ్యడం ఏ పేరుతోనూ చెయ్యకూడదు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరున్న ఒక మానసిక రోగుల ఆశ్రమంలో మంటలు లేస్తే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది బయటికి రాలేక కాలిపోయారు. అక్కడికి వాళ్లను తెచ్చింది కూడా స్వస్థత మీద ఆశతోనే. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసు వెయ్యడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మందిరం గోడ మీద రాయించండి.

నాలుగో మెట్టు: సాక్ష్యం మైకు దాకా రావాలంటే

రోగులు స్వస్థత కోసం వెళ్లే ఫ్రాన్సులోని లూర్దు పుణ్యక్షేత్రంలో 1883 నుంచి డాక్టర్ల బ్యూరో ఒకటి పనిచేస్తోంది. బాగైందని వచ్చినవాళ్ల కాగితాలన్నీ వాళ్లు చూస్తారు: జబ్బు నిజంగా ఉందా, మందుల వల్లే తగ్గిందా, మళ్లీ తిరగబెట్టిందా అని ఏళ్ల తరబడి. వేల కేసులు నమోదైతే కథోలిక సంఘం అద్భుతమని ఒప్పుకున్నవి 70 పైచిలుకు. మనకు అంత యంత్రాంగం ఉండదు, అక్కర్లేదు కూడా. కానీ ఒక వారంలో అంతకంటే ఎక్కువ అద్భుతాలు పోస్టర్ మీద వేసుకునేవాళ్లు కాస్త ఆలోచించాలి.

మేము చేసేది ఇంతే. సాక్ష్యం చెప్తామని వచ్చినవాళ్లను ముందు ఒక పుస్తకంలో రాయించుకుంటాం. ఏం జబ్బు, ఏ డాక్టరు చెప్పారు, ఏ మందులు వాడుతున్నారు, ఇప్పుడెలా ఉంది. తలనొప్పి, నిద్ర, మనశ్శాంతి లాంటివైతే అదే రోజు చెప్పుకోవచ్చు. పెద్ద జబ్బులైతే మూడు నెలలు ఆగి, ముందటి రిపోర్టు, తర్వాతి రిపోర్టు రెండూ తెచ్చాకే. మాటలు కూడా సరిచూస్తాం. "క్యాన్సర్ మాయమైంది" అని రాసుకొచ్చిన ఒక చెల్లి చేత చివరికి చెప్పించింది ఇది: "ఆపరేషన్, ఆరు కీమోలు అయ్యాయి, ఈ నెల స్కాన్‌లో ఏమీ కనబడలేదన్నారు, ఆ ఆరు నెలలూ మీరు వంతులేసుకుని నా దగ్గర కూర్చున్నారు, దేవునికి స్తోత్రం." ఆ రోజు ఏడవని మనిషి లేడు.

వీడియో పెట్టే ముందు రాతపూర్వకంగా అడగండి, తీసెయ్యమంటే ఎప్పుడైనా తీసేస్తామని చెప్పండి. హెచ్ఐవీ, పిల్లలు పుట్టకపోవడం, మానసిక వ్యాధి, చిన్నపిల్లల సంగతులు కెమెరా ముందు వద్దే వద్దు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ముఖం "దెయ్యం వదిలింది" అన్న థంబ్‌నెయిల్ కింద పదేళ్లు తిరుగుతుంటే ఆ ఇంటివాళ్లకు ఎంత టెన్షన్! పోస్టర్ల విషయంలో 1954 నాటి ఒక చట్టం కూడా గుర్తుంచుకోండి. షుగర్, క్యాన్సర్, ఫిట్స్, పక్షవాతం లాంటి జబ్బులను మంత్రాలతో, తాయెత్తులతో, మహిమ గల వస్తువులతో నయం చేస్తామనే ప్రకటనల మీద అది ఆంక్షలు పెట్టింది. ప్రార్థన నూనె సీసా బొమ్మ వేసి పక్కన జబ్బుల జాబితా అచ్చు వెయ్యడం ఎందుకు చిక్కో అర్థమవుతుంది.

ఇక లెక్కల గొప్పలు. అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన తోటివాళ్లు 1948లో కాలిఫోర్నియాలోని మొడెస్టోలో కూర్చుని తమలో తాము నాలుగు ఒప్పందాలు చేసుకున్నారు, డబ్బు, ఆడవాళ్లతో హద్దులు, స్థానిక సంఘాలను కించపరచకపోవడం, నాలుగోది హాజరు సంఖ్యలు పెంచి చెప్పకపోవడం. మూడువేల కుర్చీలు వేసి "లక్షలాదిగా తరలివచ్చిన" అని రాసే మనకు ఆ నాలుగోదే ఎక్కువ కావాలేమో.

ఐదో మెట్టు: చెయ్యి, గది, ఫోన్

ఆడవాళ్లకు ఆడవాళ్లే చేతులుంచి ప్రార్థించాలి. మగవాళ్లకు మగవాళ్లు. తల మీద చెయ్యి పెట్టేముందు "చెయ్యి ఉంచనా అమ్మా" అని అడగండి, నొప్పి ఉన్నచోట వాళ్ల చెయ్యి వాళ్లే పెట్టుకుంటారు. నెట్టడం, పడిపోయేదాకా నుదురు నొక్కడం మానుకోండి. కౌన్సెలింగ్ ఒంటరిగా తలుపేసిన గదిలో వద్దు, మేము తలుపుకు అద్దం పెట్టించాం, పద్దెనిమిది వందలైంది, సంఘం ఖర్చుల్లో నాకు అన్నింటికంటే తృప్తినిచ్చింది అదే. రాత్రి తొమ్మిది దాటాక ప్రేయర్ లైన్ ఫోన్ ఇద్దరు పెద్దమ్మల దగ్గర ఉంటుంది, అయ్యగారి దగ్గర కాదు.

పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాల్సిందే. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం కూడా నేరం. "సంఘం పరువు, లోపలే సర్దుకుందాం" అన్న పెద్దమనిషి తనే కేసులోకి వస్తాడు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

ఆరో మెట్టు: విన్నపాల చీటీలు

చిన్న విషయమే గానీ నమ్మకం ఎక్కువగా పోయేది ఇక్కడే. "ఫలానా వారి కోడలి కోసం ప్రార్థించండి, ఇంట్లోంచి వెళ్లిపోయింది" అని వాట్సాప్ గ్రూపులో పెడితే ప్రార్థన కంటే ముందు ఊరు లేస్తుంది. చీటీ మీద పేరు రాయనక్కర్లేదని చెప్పండి. పెట్టె తాళం ఇద్దరి దగ్గరే ఉండాలి, నెల తిరిగేసరికి చీటీలు కాల్చేయాలి.

ఏడో మెట్టు: ఫిర్యాదు వస్తే

ఎవరికి చెప్పుకోవాలో ముందే తెలిసి ఉండాలి. సేవకుడి మీద ఫిర్యాదు సేవకుడి భార్యకు చెప్పమంటే ఎవరు చెప్తారు? బయటి పెద్దల్లో ఒకరి నంబరు నోటీసు బోర్డు మీద ఉంచండి, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయితే మరీ మంచిది. ఫిర్యాదు రాగానే రాసుకోవాలి, తారీఖు వెయ్యాలి, వారంలోపు చెప్పిన మనిషిని కలవాలి. విషయం పెద్దదైతే తేలేదాకా ఆ వ్యక్తి స్టేజీ ఎక్కకూడదు, అది శిక్ష కాదు, ఇద్దరికీ రక్షణ. మొదటి తిమోతి 5:19లోని ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట పట్టుకుని ఒంటరి ఆడపిల్ల నోరు మూయిస్తారు, ఆ కింది వచనంలో తప్పు చేసినవాణ్ణి అందరి ఎదుట గద్దించమని ఉన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆ సాక్షుల నియమం సంఘ పెద్ద మీద వచ్చిన నిందను సంఘంలో తేల్చడానికి, పోలీస్ స్టేషన్‌కు వెళ్లకుండా ఆపడానికి కాదు. తేలాక ఏం తేలిందో సంఘానికి చెప్పండి. చెప్పకపోతే టీ కొట్టు దగ్గర ఇంకోటి తేలుతుంది.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి

ఏడూ ఒకేసారి పెడితే కూలిపోతుంది, మేము ఒకసారి అలా చేసి చూశాం, రెండో నెలకు నోట్‌బుక్కే కనబడలేదు. వచ్చే శుక్రవారం రెండే పనులు చెయ్యండి: మందులు ఆపొద్దని మైకులో చెప్పడం, ఇద్దరు కూర్చుని నోట్లు రకం వారీగా రాసి సంతకం పెట్టడం. ఆ నెలలోనే క్యూఆర్ కోడ్, బ్యాంకు ఖాతా. రెండో నెల బయటి పెద్దలు. ఆడవాళ్ల బృందాన్ని కూర్చడానికి మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే మొదట ఎవరూ ముందుకు రారు, "మేమా, అయ్యగారుండగా" అంటారు. పాత వీడియోలు వెనక్కి వెళ్లి చూసుకుంటూ తీసేయాల్సినవి తీసేయండి, అది ఎంతకాలం పడుతుందో మీ ఛానెల్ ఎంత పాతదో దాన్ని బట్టి.

మా దగ్గర మొదటి రెండు నెలలు శుక్రవారం కానుకలు బాగా తగ్గాయి. అయ్యగారు ఒక రాత్రి ఫోన్ చేసి, "ఏమయ్యా, అద్దె కట్టగలమా" అన్నారు. ఆ నెల అద్దె ఆలస్యంగా కట్టాం, ఆలస్యంగా కట్టామని కూడా నోటీసు బోర్డు మీద రాశాం.